బాయిలరు ఆవిరిమీద వండిన విందు

విఘ్నములను మొదలంటఁ ద్రుంచెడి ఏనుగుమోము వేల్పునకు మ్రొక్కి, నాలుకపై కల్లను నిలువనీయవద్దని పలుకులతల్లిని వేడి, అన్నమును దూషించుట పాపమని బాల్యముననే నేర్చియు ఒక పూట అన్నమును గూర్చి దూషణగానే వ్రాయఁబూనినందులకు అన్నదేవత నన్ను మన్నించుఁగాక యని ప్రార్థించి, మొదలిడుచున్నాను. శ్రీ విశ్వావసు నామ సంవత్సరము, శిశిర ఋతువు, ఫాల్గుణ శుద్ధ షష్ఠి, శనివారము సాయంకాలము జరిగినది ఇది.

ఆనాటికి నాకు నలభై యేండ్లు దాటినవి. మంథనిలో తాతగారి పాదాల దగ్గర కావ్యాలూ వ్యాకరణమూ చదువుకున్న నన్ను, ఆదిలాబాదు జిల్లా బొగ్గుగనుల ఊళ్లలో ఒకదానిలో కొత్తగా పెట్టిన సాంకేతిక కళాశాలకు తెలుగు పండితునిగా పంపారు. ఇంజనీరింగు డిప్లొమా చదివే పిల్లలకు వారానికి రెండు గంటల తెలుగు. ఆ రెండు గంటలూ వాళ్లు నా వైపు చూస్తూ యంత్రాల బొమ్మలు గీసుకునేవారు. మిగిలిన పొద్దంతా పండితునికి పనేముంటుందని ప్రిన్సిపాలుగారు వసతి గృహం వార్డెను బాధ్యతను కూడా నాకే అప్పగించారు. ఆయన కోస్తా జిల్లాల నుంచి బదిలీపై వచ్చినవారు, మర్యాదస్థుడు, ఎవరిమీదా గొంతు పెంచేవారు కాదు.

వసతి గృహంలో ఒక వంటాయన ఉండేవాడు. సిరిసిల్లలో నేతపనివారి ఇంట పుట్టినవాడు. తండ్రి నూలుకు రంగులద్దేవాడట. మగ్గం మీద కడుపు నిండక, పెండ్లిళ్లకు వంటలు చేసేవారి వెంట తిరిగి పని నేర్చి, మా దగ్గర నాలుగేండ్లుగా తాత్కాలికపు కొలువు చేస్తున్నాడు. భార్య అదే వంటింట్లో రుబ్బురోలు దగ్గర ఉండేది. ఇద్దరి కాపురమూ వంటింటి వెనుక రేకుల గదిలో. ఆ సంవత్సరం వంటింటికి ఒక ఖాయపు ఉద్యోగం మంజూరైంది. ప్రిన్సిపాలుగారు నా ఎదుటనే ఆయనతో అన్నారు: "వార్షికోత్సవం విందు మాట రాకుండా జరిపించవయ్యా. మర్నాడే నీ పేరు పైకి రాస్తాను."

ఆ రోజు మొదలు నేను ఎదురైనప్పుడల్లా వంటాయన అదే మాట. "పంతులూ, గా ఒక్క పూట మంచిగ గడిస్తె సాలు. మళ్ల మగ్గం మొఖం సూడ."

వార్షికోత్సవానికి నెల ముందు నుంచే చదువు ఆగిపోయింది. గనిలో కప్పుకు ఊతంగా నిలబెట్టే దుంగలతో విద్యార్థులు ముఖద్వారం కట్టారు. దానికి రంగుకాగితాల పూలు, పూల మధ్య రంగు బల్బులు. నునుపు కాగితంపై పళ్లచక్రం బొమ్మతో ఆహ్వానపత్రం అచ్చువేయించారు. నాటకంలో ఆడవేషం కట్టవలసిన ఇద్దరు, పట్టుచీర ఎవరిదన్న విషయమై చొక్కాలు చించుకున్నారు. పొద్దున లేచింది మొదలు మైకు కూత. రాజధాని నుంచి ఒక పెద్ద ఇంజనీరు ముఖ్య అతిథిగా వస్తున్నాడని, ఆయన మెచ్చితే కళాశాలకు కొత్త శాఖ వస్తుందని అందరి నోటా ఒకటే పాట. ఆ పాట నా నోటా ఉండేదన్న సంగతిని దాచను. స్వాగత పద్యాలు పదకొండు రాశాను. నెలరోజులు వాటిని నునుపు చేసుకున్నాను. మంథని విడిచిన తరువాత నా పద్యాన్ని సభలో చదివే అవకాశం నాకు రాలేదు.

ఉత్సవ సంఘానికి కార్యదర్శి చివరి ఏడు విద్యార్థి. తండ్రి గని పైభాగాన బొగ్గుతొట్లు తోసే పనివాడు. కుర్రవాడు మహా చురుకైనవాడు. చేతితో ఏ ఇనుపముక్క పట్టినా దానికి ప్రాణం వచ్చేది. వర్క్‌షాపులో ఆవిరియంత్రం నడిపి చూపడానికి పెట్టిన ఒక బాయిలరు ఉంది. దాని ఆవిరిని గొట్టాల ద్వారా వంటింటికి తెచ్చి, నేరుగా గుండిగల్లోకే వదిలి, ఎనిమిది వందల మందికి అన్నమూ పప్పూ పొగ లేకుండా ఉడికించాలని అతని ఆలోచన. ముఖ్య అతిథికి దాన్ని స్వయంగా చూపించాలని. ప్రిన్సిపాలుగారు పొంగిపోయారు. గొట్టాలు బిగిస్తూ కుర్రవాడు చేయి కాల్చుకుంటే వంటాయన భార్యే వెన్న పూసి గుడ్డ కట్టింది.

గొట్టం వంటింటి గోడలోంచి లోపలికి వచ్చిన రోజున నేనక్కడే ఉన్నాను. వంటాయన దాని మూతిని వేలితో తడిమి చూశాడు.

"ఏంది మామా, పామనుకుంటున్నవా?" అన్నాడు కార్యదర్శి. "నీ గాడిపొయ్యి పొగతోని అతిథి కండ్లల్ల నీళ్లు దెప్పిస్తవా? ఇంజనీర్ల కాలేజిల కట్టెలు గొట్టుకుంట వండుతరా ఎవలన్న?"

"ఆవిరి నాకు కొత్తనా బిడ్డా? కుడుములు ఆవిరి మీదనే గదా ఉడికేది. గని గీ ఆవిరి ఏ నీళ్లల్లకెల్లి లేస్తదో జర నాకు సూపియ్యి."

"నీళ్లు నీళ్లే మామా."

"నీళ్లు నీళ్లే అయితె మీరు హాస్టలు బాయి ఇడిశిపెట్టి నల్లా కాడికెందుకు ఉరుకుతున్నరు?"

పక్కనున్నవాడొకడు నవ్వాడు. "మామవి రంగులద్దిన కండ్లురా. ఏది జూసినా మరకే కనవడ్తది."

పెద్ద వంటకు ఎసరు పెట్టేముందు ఆ నీటిని పుక్కిట పట్టి, కాసేపు కండ్లు మూసుకుని, ఉమ్మివేసి, అప్పుడు గానీ బియ్యం కడగనివ్వని అలవాటు ఆయనది. ఆ అలవాటును పిల్లలు వెక్కిరించేవారు. అయినా పట్టు విడువక వర్క్‌షాపుకు వెళ్లి, బాయిలరులో పోసే నీళ్లు తాగి చూశాడు. ఉత్సవానికి ముందటి ఆదివారం యాభైమందికి పరీక్షగా వండారు. పావుగంటలో అన్నం ఉడికింది. మెతుకుకు మెతుకు అంటలేదు. వంటాయన కూడా ఒప్పుకున్నాడు.

"మంచిగనే ఉడికింది. గా దినం గూడ గివే నీళ్లు వోస్తరా?"

"గివే వోస్తం మామా. ఫికర్ జెయ్యకు."

శుక్రవారం నాడు సంఘంవాళ్లకు పాఠ్యపుస్తకమే చేటు తెచ్చింది. మా ఊరి నీళ్లకు బాయిలరు లోపల సున్నపు పొర కడుతుంది. అతిథి వచ్చి మూత తీయించి చూస్తాడేమోనని కార్యదర్శి పుస్తకం తిరగేసి, అందులో చెప్పినట్టే కాస్టిక్ సోడానూ ఏదో నల్లని పొడినీ బాయిలరులో పోయించాడు. చెప్పినదానికి రెట్టింపు పోయించాడు. లోపల అద్దంలా ఉండాలని. ఆ సంగతి వంటింటికి చెప్పాలని ఒక్కరికీ తోచలేదు. బాయిలరు వర్క్‌షాపు సొత్తు, వంట వంటింటి పని. రెండింటినీ కలిపిన గొట్టం తామే బిగించారన్న ఊహ ఆ మెదళ్లకు రాలేదు. శనివారం ఆవిరి చాలదేమోనని బాయిలరును మెడదాకా నింపి, తొందరలో ఆవిరి మర పూర్తిగా తిప్పారు. ఆవిరితోపాటు నురగకట్టిన నీళ్లు కూడా గొట్టంలో కొట్టుకువచ్చాయి. ఇదంతా తరువాత వర్క్‌షాపు మేస్త్రీ నాకు విడమరచి చెప్పినది.

శనివారం సాయంత్రం ఆరు గంటలు. నేను పట్టుపంచె కట్టుకుని, పద్యాల కాగితాలు మడిచి చేతబట్టుకుని సభ వైపు వెళుతుంటే వంటాయన గుమ్మంలోంచి పిలిచాడు.

"పంతులూ, జర ఇటు రాండ్రి."

గుండిగలో పప్పు ఇటుకపొడి కలిపినట్టు ఎర్రగా ఉంది. పసుపు వేసిన పప్పు. పక్క గుండిగలో అన్నం జిగురుగా, పసుపుపచ్చని నురగతో, చాకిరేవు వాసన కొడుతూ ఉంది. వంటాయన పప్పును వేలికి రాసుకుని నాలుకకు తగిలించి ఉమ్మేశాడు.

"మా బాపు రంగుతొట్ల కాడ పెరిగినోన్ని నేను. పసుపు బట్ట సవుడు నీళ్లల్ల వడితె గిట్లనే ఎర్రగైతది. గీ ఆవిరిల సవుడున్నది. గివి పోయిన ఆదివారం నీళ్లు గావు."

కార్యదర్శిని పిలిపించాను. గుండిగలోకి చూసీ చూడగానే వాడి ముఖం పాలిపోయింది. పసుపు అద్దిన కాగితాన్ని సోడానీళ్లలో ముంచి ఎర్రబరచే ప్రయోగం మొదటి ఏడు పిల్లలందరూ చేస్తారు. వాడికి అన్నీ అర్థమయ్యాయి. అక్కడే వాడు కూలబడి ఏడ్చి ఉంటే నేనిది రాసేవాణ్ణి కాదు. రెండు నిమిషాల్లో తేరుకున్నాడు. ఆ తేరుకోవడం తలచుకుంటే ఈనాటికీ నాకు రోత.

"చింతపండు పిసుకుండ్రి," అన్నాడు. "పులుపు దగిలితె రంగు మళ్ల పచ్చగైతది."

"రంగు మారితె లోపలిది మారుతదా కొడుకా?" అన్నాడు వంటాయన. "పారబోయుండ్రి. నాకు రెండు గంటలు ఇయ్యుండ్రి. కట్టెల మీద కిచిడి దించుత. ఎనిమిది వందల మందికి దించుత."

"రెండు గంటల్ల అతిథి పోతడు మామా. ఏడున్నరకు భోజనాలని అచ్చేసినం. కాయితం ఆయన చేతుల ఉన్నది." నా వైపు తిరిగాడు. గొంతులో ఎంత వినయమో. "సార్, మీ పద్యాలు జర నిమ్మళంగ సదువుండ్రి. అర్థాలు గూడ చెప్పుండ్రి. గంట సేపు గుంజితె సాలు, గీడ సదురుకుంటం."

మూడేండ్లలో ఏ విద్యార్థీ నన్ను ఒక పద్యానికి అర్థమడగలేదు. వాడు యంత్రాలను చదివినట్టే నన్నూ చదివాడు.

వంటాయన వాడిని చూడడం లేదు. నన్నే చూస్తున్నాడు. "మీరు వద్దంటె ఆగుతది పంతులూ. మీరు వార్డెను. గీ కూడు వడ్డిస్తె నా కొలువు గీడనే పోతది, మీకు ఎరుకనే."

"ప్రిన్సిపాలుగారిని అడిగి వస్తాను," అన్నాను.

అడగడానికే వెళ్లాను. ఆయన ద్వారం దగ్గర పూలదండ పళ్లెంతో నిలబడి ఉన్నారు. కారు అప్పుడే వచ్చి ఆగింది. "పంతులుగారూ, మీ పద్యాలు సిద్ధమేనా?" అన్నారు. "సిద్ధమే," అన్నాను. ఆ ఒక్కమాట తప్ప నేనింకేమీ అనలేదు.

పదకొండు పద్యాలూ చదివాను. ప్రతిపదార్థం చెప్పాను. ఏడవ పద్యం అన్నదానాన్ని కీర్తించేది. దానికి వ్యాఖ్యానం చేస్తుండగా ఒక చీటీ అందింది: "ఇంకా పది నిమిషాలు". నేను మరొక అలంకారాన్ని విప్పాను. ముఖ్య అతిథి తల పంకించాడు. జనం చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లకు నా ఒళ్లు పులకరించింది. గోడకు అవతల చింతపండు రసం బొక్కెనలతో పప్పులో కుమ్మరిస్తున్నారని నాకు తెలుసు, తెలిసే పులకరించాను. నా పాండిత్యం ఆ బొక్కెనలకు తెరగా ఉపయోగపడిందన్నది ఈ కథలో నాకు అన్నిటికంటే అసహ్యకరమైన విషయం.

వంటాయన వంటింట్లో మరొక నియమం ఉండేది. వండినవారూ వడ్డించేవారూ ముందుగా తినాలి. అందుకని వంటింటి పనివారు పదిహేనుమందికి మాత్రం కట్టెల పొయ్యిమీద వేరుగా అన్నమూ పప్పూ వండి మూతపెట్టాడు. వాళ్లింకా ఆకులు వేసుకోలేదు. సంఘం కుర్రవాళ్లు ఆ రెండు పాత్రలనూ ఎత్తుకుపోయి లోపలి గదిలో అతిథికీ పెద్దలకూ వడ్డించారు. నేనూ ఆ గదిలోనే, అతిథికి ఎడమచేతి వైపు రెండో ఆకు ముందు కూర్చున్నాను. పప్పు కమ్మగా ఉంది. "ఆవిరి వంట ఇంత రుచిగా ఉంటుందని నేననుకోలేదు," అన్నాడు అతిథి. ప్రిన్సిపాలుగారు కార్యదర్శి భుజం తట్టారు. వాడు తల వంచుకుని నెయ్యి వడ్డించాడు.

బయట పందిట్లో ఎనిమిది వందల మంది. మైకులో ఎవరో పొగలేని వంటను గురించి ఉపన్యసిస్తున్నారు. నేను చేయి కడుక్కుని బయటికి వచ్చేసరికి సగం ఆకులు విడిచినవి విడిచినట్టే ఉన్నాయి. విద్యార్థులకు అదొక వేడుక. జిగురన్నాన్ని ఉండలు చేసి ఒకరిమీద ఒకరు విసురుకుంటున్నారు. "సబ్బన్నంరా, ఒంటికి రుద్దుకో," అని ఒకడు. ఒకడి తలమీద మెతుకులు, వాడూ నవ్వుతున్నాడు. నడిచే దారంతా అన్నం, అన్నం మీద చెప్పుల గుర్తులు. తిన్నది పిలిచిన పిలుపుకు గనుల కాలనీల నుంచి వచ్చిన కుటుంబాలవారు. ఒక ఇల్లాలు తన కూతురు ముద్ద ఉమ్మివేస్తే వీపు నిమురుతూ అంటున్నది: "తిను బిడ్డా. పెద్ద సదువు సదివినోళ్లు వండిన్రు, గట్లనే ఉంటది."

నేనా తల్లి చేయి పట్టుకుని ఆపలేదు. పంచె అంచు మెతుకుల్లో పడకుండా పైకి పట్టుకుని దాటిపోయాను.

వంటింట్లో పదిహేనుమంది పనివారూ అన్నం లేక కూర్చున్నారు. వంటాయన పెనం మీద కాల్చిన పోలెలను, బొబ్బట్లను, వాళ్లకు పంచుతున్నాడు. నన్ను చూసి లేవలేదు. "మంచిగ తిన్నరా పంతులూ?" అని మాత్రం అడిగాడు.

మర్నాడు ఉదయం ఆసుపత్రి ముందు వరుస. ముఖ్యంగా పిల్లలు. నోళ్లు పూసినవాళ్లు, వాంతులు, కడుపులో మంట. ఎవరికీ ప్రాణాపాయం కలగలేదు; పులుపు కలవడం వల్ల తీవ్రత తగ్గిందని డాక్టరన్నాడట. ఆ మాటను సంఘంవాళ్లు తమ తెలివికి మెప్పుగా చెప్పుకుని తిరిగారు. అయితే డాక్టరు అంతటితో ఊరుకోక, విందులో ఏమి కలిసిందో రాసి ఇవ్వమని కాగితం పంపాడు.

సోమవారం ప్రిన్సిపాలుగారి గదిలో నేనూ కార్యదర్శీ కూర్చున్నాం. జవాబు అప్పటికే టైపు అయి ఉంది: పప్పు త్వరగా ఉడకాలని వంటవాడు వంటసోడా మితిమీరి వేశాడు. కింద కార్యదర్శి సంతకం. దాని పక్కన వార్డెను సంతకానికి ఖాళీ.

"బాయిలరు ప్రభుత్వానిది పంతులుగారూ," అన్నారు ప్రిన్సిపాలు, ఎప్పటిలాగే మెల్లగా. "దాంతో వంట చేశారని పైకి తెలిస్తే నేనుండను, ఈ పిల్లవాడి డిప్లొమా ఉండదు. పప్పులో సోడా వేయడం ఏ వంటవాడైనా చేసేదే. అబద్ధమని ఎవరూ అనరు."

వంటాయనను పిలిపించి, కాగితం చదివి వినిపించారు. ఆయన తొందరపడలేదు.

"నా వంటింట్ల సోడా ఏడున్నదో సూపియ్యుండ్రి సారూ."

వెంటనే ఆయన కార్యదర్శి వైపు తిరిగాడు. "బిడ్డా, నీ చెయ్యి గాలిన్నాడు వెన్న వూసింది నా పెండ్లం. గిది రాయనీకి నీకు గా చెయ్యే దొరికిందా?"

కుర్రవాడు గుడ్డకట్టు ఉన్న చేతిని బల్లకిందికి లాక్కున్నాడు. "మామా, నాది మూడేండ్ల సదువు."

"నాది నాలుగేండ్ల కొలువు," అన్నాడు వంటాయన. తరువాత నన్ను చూశాడు. "పంతులూ, ఎర్రగయిన పప్పు ముందుగాల సూపిచ్చింది మీకే."

"చూశాను," అన్నాను. "అది దేనివల్ల ఎర్రబడిందో నాకెట్లా తెలుస్తుంది? నేను రసాయనశాస్త్రం చదవలేదు."

శాస్త్రం చదవలేదన్నది నిజం. చవుడని ఆయన నాకు చెప్పిన సంగతీ నిజమే. ఒక నిజాన్ని మరొక నిజం మీద మూతగా పెట్టడం మాకు చదువులో భాగంగానే వచ్చింది కాబోలు. ఆ కుర్రవాడిని అసహ్యించుకుంటూ చాలా ఏండ్లు గడిపాను. వాడికి ఇరవై యేండ్లు, వెనుక బొగ్గుతొట్లు తోసే తండ్రి, భయపడ్డాడు. నాకు ఏ భయమూ లేదు. నా ఉద్యోగం ఖాయపుది, నా మీద ఎవరూ నింద మోపలేదు. పద్యాలు బాగున్నాయని అతిథి అన్న మాట చెడకూడదనుకున్నాను, అంతే.

కలం ప్రిన్సిపాలుగారిదే. తీసుకుని సంతకం చేశాను. నా చేవ్రాలు గుండ్రంగా, వంకరలు లేకుండా వచ్చింది.

1966 మార్చి ముప్పై ఒకటవ తేదీన వంటాయనను పనిలోనుంచి తీసివేశారు. ఏప్రిల్ నాలుగున ఆయనా భార్యా రేకుల గది ఖాళీచేసి సిరిసిల్ల వెళ్లి, అక్కడొక మరమగ్గాల కార్ఖానాలో కూలికి చేరారు.